పండులో పురుగు కంటే గదిలో మందు ప్రమాదం

వేసవి వచ్చిందంటే మన ఇళ్ళలో ఒక మూల వరిగడ్డి మీద మామిడికాయలు మాగుతుంటాయి. ఇంకో మూల కొత్త చింతపండు జాడీలకు ఎక్కుతుంటుంది. తోటలున్నవాళ్ళు బంధువుల ఇళ్ళకు బుట్టలు పంపుతారు. లేనివాళ్ళు బజారులో బేరమాడి తెచ్చుకుంటారు. ఇంతవరకు అంతా సంతోషమే. నాలుగో రోజున పండు కోసేసరికి టెంక చుట్టూ తెల్లటి పురుగులు మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి. అప్పటికే పిల్లలు చెరో రెండు పండ్లు తినేసి ఉంటారు. ఇంటి ఇల్లాలి గుండెల్లో రాయి పడుతుంది.

ఇటువంటి సందర్భాల్లో డాక్టర్లను రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. మొదటిది: ''తెలియక పురుగున్న పండు తినేశాం, ఏమన్నా అవుతుందా?'' రెండవది: ''మిగిలిన కాయలకు పురుగు పట్టకుండా ఏ మందు చల్లమంటారు?''

మొదటిదానికి జవాబు: ఏమీ కాదు. రెండవదానికి జవాబు: ఏ మందూ చల్లవద్దు. ఈ రెండు జవాబులూ చాలామందికి తలకిందులుగా కనిపిస్తాయి. పురుగును చూసి హడలిపోయేవారే పురుగుల మందును నిర్భయంగా వంటింట్లో పెట్టుకుంటారు. నిజానికి భయపడవలసింది రెండవదానికే.

పురుగు కడుపులోకి వెళితే?

మామిడి, జామ, రేగు పండ్లలో కనిపించే తెల్ల పురుగు ఈగ పిల్ల. పండు గుజ్జు తప్ప దానికి వేరే ఆహారం అక్కరలేదు. మన పొట్టలోని ఆమ్లంలో అది బతకలేదు. మాంసకృత్తుల ముక్క ఏ విధంగా జీర్ణమవుతుందో అదీ అదే విధంగా జీర్ణమైపోతుంది. అరుదుగా కొందరికి కడుపులో తిప్పడం, ఒకటి రెండు విరేచనాలు కావడం జరగవచ్చు. దానికి చాలావరకు పురుగు కారణం కాదు. పురుగు తొలిచిన చోట పండు కుళ్ళి, అక్కడ చేరిన సూక్ష్మజీవులే కారణం. ఈ పురుగులు పేగుల్లో పెరిగి ఏలికపాములవుతాయని కొందరు భయపడతారు. అది వట్టి అపోహ. ఏలికపాముల గుడ్లు మట్టిలోంచి, కడగని చేతులలోంచి వస్తాయి. పండు ఈగకూ వాటికీ ఏ సంబంధమూ లేదు.

కనుక పురుగున్న పండు తిన్న పిల్లవాడికి వాంతి చేయించనక్కరలేదు, విరేచనాల మందు వేయనక్కరలేదు. కుళ్ళు వాసన, పులుపు వాసన వస్తున్న పండును, బూజు పట్టిన మెత్తటి పండును మాత్రం పూర్తిగా పారవేయాలి. బూజు పైకి కనిపించే మచ్చతో ఆగదు. దాని పోగులూ, అది చిమ్మే విషమూ మెత్తటి గుజ్జులో లోపలికి పాకి ఉంటాయి.

మందు ఎందుకు పనికిరాదు?

ధాన్యాన్ని కడుగుతాం, దంచుతాం, ఉడికిస్తాం. పండును అలా చేయం. తోలు తీసి నోట్లో పెట్టుకుంటాం. ఒక్కోసారి తోలుతోనే కొరుకుతాం. పండు మీద పడ్డ మందుకూ మన నాలుకకూ మధ్య అడ్డం ఏమీ లేదు. ఇది మొదటి కారణం.

రెండవ కారణం ఇంకా ముఖ్యమైనది. మామిడికాయకు పురుగు మీ ఇంట్లో పట్టలేదు. చెట్టు మీద ఉండగానే పట్టింది. పక్వానికి వచ్చిన కాయ తోలును తల్లి ఈగ తన కడుపు చివరనున్న సూదివంటి గొట్టంతో పొడిచి, లోపల గుడ్లు పెడుతుంది. కాయ కోసి ఇంటికి తెచ్చేనాటికి గుడ్డో, కంటికి ఆనని పిల్లో గుజ్జులో దాగి ఉంటుంది. కాయ మాగేకొద్దీ అదీ పెరుగుతుంది. మీరు పైన పొడి చల్లితే అది తోలు మీద ఉండిపోతుంది. పురుగు లోపల హాయిగా ఉంటుంది. చివరికి ఆ మందు చేరేది పురుగుకు కాదు, మనకు.

గోదాము బిళ్ళ ఇంటికి తేవద్దు

అన్నిటికంటె ప్రమాదకరమైనది గోదాముల్లో ధాన్యానికి పెట్టే బిళ్ళ. దీని అసలు పేరు అల్యూమినియం ఫాస్ఫైడ్. బియ్యానికో, చింతపండుకో, ఎండుమిరపకాయలకో పురుగు పట్టకుండా ఉంటుందని కొందరు దీన్ని ఎక్కడో సంపాదించి తెచ్చి, గుడ్డలో చుట్టి కొట్టుగదిలో పెడతారు. ఆ గదిలోనే పండ్ల బుట్టలూ ఉంటాయి.

ఈ బిళ్ళ పనిచేసే తీరు తెలిస్తే ఎవరూ దాన్ని ఇంటి గడప దాటనివ్వరు. గాలిలోని తేమ తగలగానే దీనిలోంచి ఫాస్ఫీన్ అనే వాయువు పుడుతుంది. మూడు గ్రాముల బిళ్ళ ఒకటి ఒక గ్రాము ఫాస్ఫీన్‌ను వదులుతుంది. ఈ వాయువుకు రంగు లేదు. వెల్లుల్లి వాసనో, కుళ్ళిన చేప వాసనో వస్తుందంటారు గాని, ఆ వాసన తెలియలేదు కాబట్టి ప్రమాదం లేదనుకోవడానికి వీల్లేదు. తలుపు సందులలోంచి, గోడ పగుళ్ళలోంచి, పెంకుల కిందనుంచి అది పక్క గదిలోకి పాకుతుంది. శరీరంలోకి వెళ్ళాక కణాలు ప్రాణవాయువును వాడుకోలేకుండా చేస్తుంది. అన్నిటికంటె ముందు దెబ్బ తినేవి గుండె, ఊపిరితిత్తులు. దీనికి విరుగుడు మందు ఈనాటికీ లేదు. ఆస్పత్రిలో చేసే చికిత్స అంతా రోగి గుండెనూ శ్వాసనూ నిలబెట్టే ప్రయత్నమే.

ఈ ప్రమాదాలు సాధారణంగా జరిగే తీరు చెబుతాను. పగలు బిళ్ళలు పెట్టి కొట్టుగది తలుపు వేస్తారు. రాత్రి పక్క గదిలో కిటికీలు మూసుకుని పడుకుంటారు. అర్ధరాత్రికి ముందుగా పిల్లలు లేస్తారు. ఒళ్ళు బరువును బట్టి చూస్తే వాళ్ళు పెద్దలకంటె ఎక్కువ గాలి పీలుస్తారు. అందువల్ల విషం వాళ్ళకు ముందు సోకుతుంది. వాంతులు, కడుపునొప్పి, తలనొప్పి, నీరసం కనిపిస్తాయి. తల్లిదండ్రులు రాత్రి తిన్నదేదో పడలేదనుకుంటారు. ఆస్పత్రికి వచ్చినా ''సాయంత్రం మామిడిపండ్లు తిన్నారండీ'' అంటారే గాని, బిళ్ళ సంగతి వాళ్ళకు గుర్తుకే రాదు. డాక్టరు కూడా ఆహారం వికటించిందనుకుని మందిచ్చి పంపితే, ఆ పిల్లలు మళ్ళీ అదే ఇంటికి, అదే గాలిలోకి వెళతారు.

అందువల్ల ఒక మాట గట్టిగా గుర్తుంచుకోండి. ఇంట్లో ఒకరికంటె ఎక్కువమందికి ఒకేసారి వాంతులు, ఆయాసం, ఛాతీలో బిగింపు, తల తిరగడం వస్తే, ఇంట్లో గాని పక్క వాటాలో గాని పురుగుల బిళ్ళ పెట్టారేమో ముందు ఆలోచించండి. అనుమానం ఉంటే ఇలా చేయాలి:

1. అందరినీ వెంటనే ఆరుబయటికి తీసుకురావాలి. అందినంతవరకు తలుపులు తెరవాలి గాని, బిళ్ళను తీసి పారేద్దామని ఎవరూ ఆ గదిలోకి వెళ్ళకూడదు. దాని మీద నీళ్ళు అసలు పోయకూడదు. నీళ్ళు తగిలితే వాయువు మరింత త్వరగా పుడుతుంది.

2. 108 పిలిచి పెద్ద ఆస్పత్రికి చేర్చాలి. బాగానే ఉన్నామన్నవాళ్ళను కూడా చూపించాలి. కొన్ని గంటలు ఆగి గుండె దెబ్బ తినడం ఈ విషంలో ఉంది.

3. వెళ్ళగానే డాక్టరుతో మొదటి మాటగా బిళ్ళ సంగతే చెప్పాలి. డబ్బా మీది పేరు తెలిస్తే చెప్పాలి.

4. పిల్లలెవరైనా బిళ్ళ మింగారనిపిస్తే నీళ్ళు తాగించడం, ఉప్పునీళ్ళతో వాంతి చేయించడం చేయకూడదు. ఒక్క నిమిషం వృథా చేయకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి.

ఈ బిళ్ళను ఇళ్ళలో వాడడానికి చట్టం ఒప్పుకోదు. ప్రభుత్వ గుర్తింపు పొందిన నిపుణుల పర్యవేక్షణలో, గోదాములను మూసి, మనుషులను దూరంగా ఉంచి వాడవలసిన మందు ఇది. చాటున అమ్మేవాడు ఏమీ కాదని చెప్పవచ్చు. మీరు మాత్రం కొనవద్దు.

ఇంటింటా ఉండే చిన్న విషాలు

బిళ్ళంత ఘోరం కాకపోయినా పండ్ల దగ్గర ఉండకూడనివి ఇంకా కొన్ని ఉన్నాయి. కలరా ఉండలు (నాఫ్తలీన్) బట్టల పెట్టెలోకే గాని పండ్ల అలమరలోకి కాదు. వాటి ఆవిరి పండుకు పడుతుంది. పుట్టుకతో రక్తంలో జి-6-పి-డి అనే ఎంజైము తక్కువగా ఉన్న పిల్లలు వాటిని నోట్లో పెట్టుకున్నా, వాటి ఆవిరి ఎక్కువగా పీల్చినా ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు రావచ్చు. ఆ లోపం తమ పిల్లలకు ఉన్నట్టు చాలామందికి తెలియనే తెలియదు. చీమల సుద్దతో పండ్ల బుట్ట చుట్టూ గీత గీయడం, బొద్దింకల మందు పిచికారీ చేసేటప్పుడు పండ్లు మూయకుండా వదిలేయడం కూడా తరచుగా జరిగే పొరపాట్లే. చీమలు రాకుండా ఉండాలంటే బుట్టను నీళ్ళు పోసిన పళ్ళెంలోని పీట మీద పెడితే చాలు. పూర్వం ధాన్యానికి, గింజలకు గమాక్సీన్ పొడి కలిపే అలవాటు ఉండేది. 1997లో మన దేశంలో దాన్ని పూర్తిగా నిషేధించారు. పాత అటకల మీద డబ్బాలేమైనా మిగిలి ఉంటే పిల్లల చేతికి అందకుండా తీసి, వ్యవసాయశాఖవారిని అడిగి వదిలించుకోవాలి.

కాయలను మాగించడానికి కార్బైడు పెట్టడం పురుగుల సంగతి కాకపోయినా ఇక్కడే చెప్పాలి. దానిలో ఆర్సెనిక్, భాస్వరం వంటి విషపదార్థాలు కలిసి ఉంటాయి. చట్టం దాన్ని నిషేధించింది. పండు పైన పసుపుపచ్చగా, లోపల పుల్లగా, వాసన లేకుండా ఉంటే అనుమానించాలి.

కొన్న పండ్లను పారే నీటి కింద చేతితో రుద్ది కడగండి. దానివల్ల పైనున్న దుమ్ము, సొన, మందు పొడి చాలావరకు పోతాయి. సబ్బు వాడవద్దు. తోలులోంచి లోపలికి ఇంకిన మందు మాత్రం ఎంత కడిగినా రాదు.

మరి పురుగును ఆపేదెలా?

మందు లేకుండా పురుగును అదుపు చేయడానికి నాలుగు మార్గాలున్నాయి. అవి శుభ్రత, వేడి, చలి, గాలి ఆడకుండా బిగించడం. వీటిలో శుభ్రతకు డబ్బు ఖర్చు లేదు, దాని ఫలితం మాత్రం అన్నిటికంటె ఎక్కువ.

పండు ఈగ కథ మిగతా సగం వింటే ఈ విషయం అర్థమవుతుంది. గుజ్జులో వారం పది రోజులు పెరిగిన పురుగు పండును వదిలి నేలలోకి దిగుతుంది. అక్కడ గోధుమగింజ లాంటి గూటిలో కొన్నాళ్ళుండి, రెక్కలతో బయటికి వస్తుంది. అంటే కొత్త ఈగ పుట్టేది పండులో కాదు, మట్టిలో. మనం పురుగున్న పండును పెరట్లోకి విసిరేస్తే దాన్ని దాని పుట్టింటికి పంపినట్టే. వచ్చే విడత కాయలకు పురుగును మనమే పెంచినవాళ్ళమవుతాం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? కుళ్ళిన పండ్లను, రాలిన కాయలను రోజూ ఏరి రెండడుగుల లోతు గోతిలో పూడ్చాలి. గొయ్యి తీసే చోటు లేని పట్నవాసులు వాటిని పాలిథీన్ సంచిలో మూతి గట్టిగా కట్టి మూడు నాలుగు రోజులు ఎండలో పడేయాలి. ఆ వేడికి లోపలి పురుగు చస్తుంది. తర్వాత చెత్తబండిలో వేయవచ్చు.

కాయలను కొనేటప్పుడు కూడా కొంత చూసుకోవచ్చు. తోలు మీద సూదితో పొడిచినట్టు చుక్క, దాని చుట్టూ మెత్తదనం, అక్కడినుంచి బంకలాంటి రసం కారి ఎండిన జాడ ఉంటే ఆ కాయ వద్దు. రాలిన కాయ, దెబ్బ తగిలిన కాయ చవకగా వస్తుందని మాగవేయడానికి తేవద్దు. ఊరగాయకో, పప్పులోకో అదే రోజు కోసి చూసుకుని వాడుకోవచ్చు.

మాగవేసే గది పొడిగా, గాలి ఆడేట్టు ఉండాలి. గడ్డి ఈ ఏటిదై ఉండాలి. నిరుటి గడ్డిలో బూజు, ఎలుక మూత్రం, పాత పురుగులు అన్నీ ఉంటాయి. కాయలను ఒకటి రెండు వరసలకు మించి పేర్చవద్దు. రోజూ ఒకసారి చేత్తో తిప్పి చూసి, మెత్తబడినదాన్ని వేరు చేయాలి. ఒక్క కాయ కుళ్ళితే దాని వేడికి, తేమకు పక్కనున్న నాలుగూ పాడవుతాయి.

వేడినీళ్ళ పద్ధతి

కాయ లోపల దాగిన గుడ్డును, పిల్లను చంపడానికి మందు లేని మార్గం ఉంది. అది వేడినీళ్ళు. ఇది మూలికా వైద్యమో, చిట్కాయో అనుకోకండి. దేశాలమధ్య జరిగే పండ్ల వ్యాపారమే దీన్ని నమ్ముకుంది. ఒకప్పుడు ఎగుమతి పండ్లకు ఎథిలీన్ డైబ్రోమైడ్ అనే విషవాయువు పట్టించేవారు. అది జంతువులలో క్యాన్సరు కలిగిస్తుందని తేలడంతో అమెరికా ప్రభుత్వం 1984లో ధాన్యం మీద దాని వాడకాన్ని ఆపేసి, పండ్ల మీద కూడా క్రమంగా మాన్పించింది. అప్పటినుంచి మెక్సికో మొదలైన దేశాలవారు మామిడిని వేడినీళ్ళలో ముంచి అమెరికాకు పంపడం మొదలుపెట్టారు. జపానువారు వేడి ఆవిరి పట్టించిన పండును కోరతారు. ఆ షరతు మీదనే వారు 2006లో మన మామిడిని రానిచ్చారు. 2014లో మన మామిడిలో పండు ఈగ పిల్లలు కనిపించాయని ఐరోపా దేశాలు దిగుమతి ఆపేశాయి. వేడినీళ్ళ పద్ధతి వంటి జాగ్రత్తలు కట్టుదిట్టం చేశాక మరుసటి ఏడు నిషేధం ఎత్తేశాయి.

మన కాయలకు చెప్పే లెక్క ఇది: నీటి వేడి 48 సెంటీగ్రేడు డిగ్రీలు, కాలం ఒక గంట. తోట ఉన్నవాళ్ళు, బుట్టల లెక్కన కాయలు తెచ్చుకునేవాళ్ళు ఇంట్లో కూడా చేసుకోవచ్చు. పద్ధతి ఇది:

ముదిరి పక్వానికి వచ్చిన గట్టి కాయలనే తీసుకోవాలి. లేతకాయ తోలు ఈ వేడికి కమిలిపోతుంది. కోసిన 24 గంటల లోపల చేయాలి. సొన కారిపోనిచ్చి కాయలను కడగాలి. పెద్ద గంగాళంలో నీళ్ళు కాచి, కాయలు వేసి, అవి తేలకుండా పైన వెదురు తట్టో, జల్లెడో బోర్లించి బరువు పెట్టాలి. కాయలు వేయగానే నీటి వేడి తగ్గుతుంది. అది మళ్ళీ 48కి వచ్చాక గంట లెక్క మొదలుపెట్టాలి. మధ్యమధ్య కలుపుతూ, తగ్గినప్పుడల్లా కొంచెం మరిగే నీళ్ళు చేరుస్తూ ఉండాలి. వేడి తక్కువైతే పురుగు చావదు, ఎక్కువైతే కాయ ఉడుకుతుంది.

చేయి పెట్టి చూసి వేడి తేల్చుకోవడం కుదరదు. జ్వరం చూసే థర్మామీటరూ దీనికి పనికిరాదు. అది 42 డిగ్రీలతో ఆగిపోతుంది. 48 డిగ్రీల నీళ్ళలో పెడితే పగిలిపోతుంది కూడా. పాల కేంద్రాలలో వాడే రకం, లేదా ప్రయోగశాలల సామాను అమ్మే దుకాణంలో దొరికే థర్మామీటరు కొనుక్కోవాలి.

గంట అయ్యాక తీసి అరగంట నీడలో ఆరనివ్వాలి. వెంటనే చల్లటి నీళ్ళలో వేయకూడదు. తోలు చల్లబడినా లోపలికి వెళుతున్న వేడి టెంక దగ్గరి పురుగును చంపే పని ఇంకా చేస్తూ ఉంటుంది. తర్వాత మామూలు మంచినీళ్ళతో కడిగి, తుడిచి, మాగవేయాలి. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. మాగేటప్పుడు తోలు మీద నల్లమచ్చలు తెచ్చే బూజు తెగులు కూడా ఈ వేడికి చాలావరకు తగ్గుతుంది. మరుగుతున్న గంగాళం దగ్గరికి పిల్లలను రానివ్వకండి.

టెంక పురుగు సంగతి

అన్ని పురుగులూ ఈ నీళ్ళకు లొంగవు. టెంకలో ఉండే నల్లటి ముక్కుపురుగు వేరే జాతి. అది పిందె దశలోనే లోపలికి చేరి, జీడిని తింటూ టెంకలోనే పెరుగుతుంది. అది వెళ్ళిన దారి కాయ పెరిగేకొద్దీ మానిపోతుంది కాబట్టి పైకి ఏ గుర్తూ ఉండదు. చాలాసార్లు గుజ్జు బాగానే ఉంటుంది, పండు తినడానికి అభ్యంతరం లేదు. మనం చేయవలసిందల్లా తిన్న టెంకలను పెరట్లో పారేయకుండా కాల్చేయడమో, లోతుగా పూడ్చడమో. టెంకలోంచి బయటికి వచ్చిన పురుగు చెట్టు బెరడు పగుళ్ళలో దాక్కుని వచ్చే ఏడు పిందెల కోసం కాచుకుంటుంది.

ఈ టెంక పురుగు భయంతోనే అమెరికావారు మన మామిడికి కిరణాలు పట్టించాలని షరతు పెట్టారు. 2007 నుంచి అలాగే పంపుతున్నారు. ఆ మోతాదు 400 గ్రేలు. కిరణాలంటే కొందరికి భయం. ఎక్స్‌రే తీయించుకున్న మనిషిలో ఎక్స్‌రే మిగిలిపోదు కదా. అలాగే పండులోనూ కిరణం మిగలదు. దీనికంటె ఇరవై అయిదు రెట్ల మోతాదు వరకు కిరణాలు పట్టిన ఆహారంతో విషప్రమాదం లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ మొదలైనవారి నిపుణుల సంఘం 1980లోనే తేల్చింది. ఇది ఇంట్లో చేసే పని కాదు గాని, అటువంటి పండు దొరికితే తినడానికి సందేహించనక్కరలేదు.

చలి ఎవరికి, ఎంత?

కమలా జాతి పండ్లను ఒక డిగ్రీ చలిలో రెండు వారాలపైన ఉంచి ఈగ పిల్లలను చంపి ఓడలలో పంపుతారు. మామిడికి ఇది పనికిరాదు. పచ్చికాయను సుమారు 12 డిగ్రీల కంటె తక్కువ చలిలో ఉంచితే తోలు నల్లబడి, మాగకుండా చెడిపోతుంది. అరటి కూడా అంతే. అందువల్ల మామిడిని ముందు మాగనిచ్చి, పండిన తర్వాతనే ఫ్రిజ్జులో పెట్టాలి. ఫ్రిజ్జు చలి పురుగు పెరుగుదలను ఆపుతుంది గాని వెంటనే చంపదు.

ఖర్జూరం, కిస్‌మిస్, అంజూరు వంటి ఎండు పండ్లకు మాత్రం చలి మంచి ఆయుధం. వీటిలో సాలెగూడులాంటి సన్నని దారాలు కనిపిస్తే చిమ్మట పట్టిందని అర్థం. బాగున్న సరుకును కొనగానే గాలి చొరని సంచిలో కట్టి, మంచు గడ్డకట్టే అరలో వారం రోజులుంచితే గుడ్లతో సహా చస్తాయి. ఆ తర్వాత సంచి విప్పకుండా బయట పెట్టి, చల్లదనం పోయాకనే విప్పాలి. లేకపోతే గాలిలోని తేమ పండ్ల మీద చేరి బూజు వస్తుంది. ఫ్రిజ్జు లేనివారు కొద్ది కొద్దిగా కొనుక్కోవడం మేలు. బిగువైన మూత ఉన్న చిన్న సీసాలలో నిండా పోయాలి. సీసాలో ఖాళీ ఎంత తక్కువ ఉంటే పురుగుకు గాలి అంత తక్కువ.

చింతపండు: మన పెద్దల పద్ధతే మంచిది

చింతకాయలను గింజలతోనే బస్తాల్లో ఉంచితే పురుగు పట్టక మానదు. చింతగింజను తొలిచే పురుగూ, వేరుసెనగ కాయలను తొలిచే పురుగూ ఒకటే. దానికి కావలసింది గింజ. కాబట్టి పెంకు, ఈనెలు, గింజలు తీసేసి చింతపండును దాచే మన అలవాటులో పెద్ద శాస్త్రమే ఉంది. గింజ లేకపోతే ఆ పురుగుకు ఇల్లు లేదు.

గింజ తీసిన పండును రెండు మూడు రోజులు బాగా ఎండబెట్టి, ఉప్పు చల్లి, గాలి సందు లేకుండా జాడీలో గాని కుండలో గాని అదిమి కూరి, వాసెన కట్టాలి. ఉప్పు నీటిని లాగేసి బూజును రానివ్వదు. చింతపండు పులుపు లోహాన్ని తింటుంది కాబట్టి ఇత్తడి, రాగి, అల్యూమినియం పాత్రలు వద్దు. తీసేటప్పుడు తడి చేయి పెట్టవద్దు. రక్తపోటు ఉన్నవాళ్ళు ఈ ఉప్పును కూడా లెక్కలో పెట్టుకుని, కూరలో, చారులో వేసే ఉప్పును ఆ మేరకు తగ్గించుకోవాలి. తీసిన చింతగింజలను వేరుసెనగ బస్తాల పక్కన నిలవ చేయవద్దు.

వేపాకు వేస్తే చాలదా అని అడుగుతారు. ఎండు వేపాకు వల్ల కొంత ఉపయోగం ఉండవచ్చు, హాని లేదు. కాని తేమగా ఉన్న సరుకును, గింజలున్న సరుకును వేపాకు కాపాడలేదు. ఎండ, ఉప్పు, బిగింపు ఈ మూడే అసలు రక్షణ.

ఎలుకలూ, చిన్న ఈగలూ

పండ్ల గదిలో ఎలుక పురుగుకంటె చెడ్డది. దాని మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. జ్వరం, కండరాల నొప్పులు, కామెర్లు, మూత్రపిండాలు దెబ్బతినడం దాని లక్షణాలు. ఎలుక కొరికిన పండును కొరికిన మేరకు కోసి తినడం తప్పు, మొత్తం పారేయాలి. కాని ఎలుకకు మందు పెట్టవద్దు. ఎలుకల మందులలో ఒకటైన జింక్ ఫాస్ఫైడ్ కడుపులోకి వెళ్ళాక పుట్టించేది కూడా, పైన చెప్పిన ఫాస్ఫీన్ వాయువునే. కన్నాలు పూడ్చి, బుట్టలను నేల మీద కాక బల్ల మీద పెట్టి, బోను వాడండి.

అరటిపండ్ల చుట్టూ ముసిరే నలుసంత ఈగలకు పిచికారీలు అక్కరలేదు. ఒక గ్లాసులో కొంచెం పులిసిన పండు ముక్క, నీళ్ళు వేసి, పైన కాగితం పొట్లంలా చుట్టి, దాని కొనకు చిన్న రంధ్రం చేసి గరాటులా దించండి. లోపలికి వెళ్ళిన ఈగలు తిరిగి రాలేవు. కోసిన పండ్ల మీద మాత్రం ఎప్పుడూ మూత ఉంచండి.

బుట్టెడు పండ్లలో రెండు పురుగువి వస్తే పోయేది రెండు పండ్లే. వాటిని పూడ్చిపెట్టి మిగిలినవి కడిగి, కోసి, వెలుతురులో చూసి పిల్లలకు పెట్టండి. ఆ రెండింటిని కాపాడుకోవాలని గదిలో మందు పెడితే నష్టం పండ్లతో ఆగదు. ఈ రోజే మీ కొట్టుగది ఒకసారి చూడండి. పండ్లకు, పప్పులకు, బియ్యానికి దగ్గరగా పేరు తెలియని బిళ్ళ, పొడి, ఉండ ఏది ఉన్నా దాన్ని ఉంచవలసిన చోటు అది కాదు. మూత బిగించి ఉన్న బిళ్ళల డబ్బా కనిపిస్తే విప్పకుండా, తడి తగలనివ్వకుండా ఆరుబయట పిల్లలకు అందని చోట పెట్టి వ్యవసాయశాఖవారికి చెప్పండి. విప్పి పెట్టిన బిళ్ళలు కనిపిస్తే వాటిని ముట్టుకోకుండా అందరూ బయటికి వచ్చేయండి.